బాగాలేదని రాయించుకున్న తోట

మొన్న హైదరాబాదులో ఒక పూల ప్రదర్శనకు వెళ్ళాను. గేటు దాటగానే గులాబీల వాసన ముక్కుకు తగిలింది. గులాబీల వరస అయిపోయి బంతులు మొదలయ్యాయి, బంతులు దాటి ఆకుమొక్కలు వచ్చాయి, వాసన మాత్రం ఎక్కడా తగ్గలేదు. నాకు అనుమానం వచ్చింది. ఎవరూ నన్ను గమనించడం లేదని చూసుకొని ఒక పసుపు గులాబీ మీదికి వంగాను. పువ్వుకు ఏ వాసనా లేదు. రేకుల మీద నిలిచిన తడికి ఉంది. కాస్త దూరంలో ఒకాయన సీసా పట్టుకొని నింపాదిగా పిచికారీ కొట్టుకుంటూ పోతున్నాడు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ కళ్ళు మూసుకొని, "ఎంతైనా అసలు పూలు అసలు పూలే" అంది తనలో తానే. నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను. అప్పుడు సులోచనక్క గుర్తుకొచ్చింది. ఆమె అయితే పువ్వును చూసేది కాదు. మొక్క మొదలు పట్టుకొని కొద్దిగా పైకి లాగేది. వేరు ఉందా, పొద్దున కుండీలో గుచ్చిన కొమ్మనా అని.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. నల్లగొండలో, దేవరకొండ రోడ్డు మీద ఊరు అయిపోయే చోట ఆమెకు ఒక నర్సరీ ఉండేది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చేతులు వెనక్కి కట్టుకొని నడిచేది. ఎవరు ఏ మాట చెప్పినా వెంటనే జవాబు ఇచ్చేది కాదు. చెప్పినవాళ్ళ ముఖం వైపు కాసేపు చూసి, "ఎవలు చెప్పమన్నరు నీకు?" అనేది. మొక్క బతికిందని చెప్పినా అదే ప్రశ్న, చచ్చిందని చెప్పినా అదే ప్రశ్న. పుట్టింది అచ్చంపేట వైపు, అడవి అంచున, గొర్రెలు కాసుకునే ఇంట్లో. పెళ్ళి చేసుకొని నల్లగొండకు వచ్చింది. భర్త పోయాక ఒక్కతే ఆ నర్సరీని నడిపింది. మోసపోయిన సంగతులు చాలా ఉండి ఉంటాయి. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మాది హాలియా దగ్గర పల్లె. డిగ్రీ నల్లగొండలో చదివి, అక్కడే మేనత్త ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటున్నాను. ముగ్గురు ఉన్న చోట నాకు మాట రాదు. పుస్తకం చదువుతుంటే ఎవరైనా వస్తే పుస్తకాన్ని చున్నీ కింద దాచే అలవాటు, అదేదో తప్పు పని అయినట్టు. నర్సరీలో మొక్కల పేర్లు రాసే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. సులోచనక్క నన్ను ఎగాదిగా చూసింది.

"మాట్లాడవా?"

"మాట్లాడతానక్కా."

"ఎప్పుడు?"

నేను తల వంచుకున్నాను. ఆమె నవ్వలేదు. "మంచిదే. మాట్లాడెటోళ్లు నాకు శానమంది ఉన్నరు. ఇనెటోళ్లు లేరు. రేపటి సంది రా" అంది.

పనిలో చేరిన కొన్నాళ్ళకు ఒకరోజు నన్ను షెడ్డు వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి, వచ్చే పూల ప్రదర్శనలో తన తోట నడుమ పూలతో పెద్ద నెమలిని చేయిస్తున్నానని చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. నేను మా మేనత్తకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత మట్టి తోలే ట్రాక్టరు మనిషి వచ్చినప్పుడల్లా ఆమె అతన్ని పక్కకు తీసుకెళ్ళి ఏదో అడగడం చూశాను. అతను ఊరికి అవతల ఉన్న రాజేందర్ నర్సరీకి కూడా మట్టి తోలుతాడు. కొన్ని రోజులయ్యాక సులోచనక్క నా దగ్గరికి వచ్చి, "నెమలి లేదు, ఏం లేదు. నువ్వు ఎవల మనిషివో సూసిన" అంది. నెమలి మాట రాజేందర్ దాకా పోలేదు కనుక నేను నిలబడ్డానన్నమాట. ఆమె దాన్ని మెప్పుగానే చెప్పింది. నాకు మాత్రం ముఖం మాడిపోయింది. నేను ఎవరి మనిషినీ కాదని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. రాయగానే, ఆమె ఎప్పుడైనా ఇంటికి వచ్చి చదువుతుందేమో అనిపించి డైరీని పెట్టె అడుగున పెట్టాను. అనుమానం ఆమె నుంచి నాకు అంటుకోవడం అప్పుడే మొదలైంది.

రాజేందర్ గురించి కూడా చెప్పాలి. మనిషి చెడ్డవాడని ఇప్పుడు నేను అనలేను. నున్నగా గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని మట్టిలో తిరిగేవాడు, చొక్కా మీద మట్టి పడేది కాదు. అది కూడా సులోచనక్కకు అనుమానమే. "మొక్కలు పెట్టెటోని చేతులు గట్లుంటయా" అనేది. అతనికి ఊళ్ళో పెళ్ళి మండపాల పని, బంగళాల ముందు లాన్ల పని బాగా వచ్చేది. ప్రతి ఏడూ పూల ప్రదర్శనలో అతని తోట చుట్టూ జనం మూగేవాళ్ళు.

ఆ ఏడు సంగతి వేరు. తెలంగాణ వచ్చిన తర్వాత ఊరూరా పార్కులు కడుతున్న రోజులవి. నల్లగొండలో చెరువు వైపు ఒక పెద్ద పార్కు రాబోతోంది. ప్రదర్శన చూడడానికి వచ్చినవాళ్ళు ఏ తోటను ఎక్కువ మెచ్చుకుంటే ఆ తోట వేసినవాళ్ళకే పార్కు పని ఇస్తామని ప్రదర్శన కమిటీ చెప్పింది. ప్రతి తోట ముందు ఒక డబ్బా. చూసినవాళ్ళు తమ అభిప్రాయం చీటీ మీద రాసి అందులో వేయాలి. మెచ్చుకున్న చీటీలనే లెక్కలోకి తీసుకుంటారు. సరిగ్గా అదే సమయంలో నర్సరీ ఉన్న జాగా ఆసామి, ఉగాది దాకే గడువని, తర్వాత ఆ నేలను ప్లాట్లు చేస్తానని చెప్పేశాడు. పార్కు పని వస్తే సులోచనక్క తన మొక్కలన్నీ అక్కడికి మార్చుకోవచ్చు, పార్కు పక్కనే నర్సరీ పెట్టుకోవచ్చు. రాకపోతే ఇన్నేళ్ళు పెంచినవన్నీ ఉగాదిలోపు అమ్ముకొని తలుపు మూయాలి. నా పని కూడా దాంతోనే పోతుంది.

అంత అవసరం ఉన్న మనిషి జనానికి నచ్చే తోట వేస్తుందనుకున్నాను. ఆమె ఎర్రమన్ను పోయించింది. నల్లగొండ గుట్టల్లో ఉండే పెద్ద రాతి గుండ్లు తెప్పించి, ఎవరో విసిరేసినట్టు కాక, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు సగం పాతించింది. వాటి నడుమ తంగేడు, సీతాఫలం, బలుసు, రేగు. కింద ఎండిన బోదగడ్డి. నడుమ నుంచి ఒక సన్నని బాట, గొర్రెలు నడిచి నడిచి పడ్డ బాట ఎలా వంకరపోతుందో అలా. చివర ముళ్ళకంప కట్టిన చిన్న గొర్రెల దొడ్డి, దాని పక్కన నీళ్ళ కోసం రాతి తొట్టి. తంగేడు పూల పసుపు, రాతి సందుల్లో గునుగు తెలుపు తప్ప వేరే రంగు లేదు.

"ఎట్లున్నది?" అని నన్ను అడిగింది.

"బాగుందక్కా."

"హాలియా పిల్లవు. కాలువ నీళ్లు తాగి పెరిగినదానివి. పచ్చగ లేనిది నీకెట్ల బాగుంటది?" అంది. "నువ్వు గూడ చీటీ రాసెటోళ్ల లెక్కనే ఉన్నవ్" అని వెళ్ళిపోయింది. ఆమె అన్నది నిజం. మా ఊరి పొలాల పచ్చదనం చూసిన కంటికి ఆ తోట అప్పటికి ఒట్టి చెలకలాగే, నీళ్ళు పారని మెట్టనేలలాగే కనిపించింది.

ప్రదర్శన మొదటి రోజు నాకు అప్పగించిన పని ఏమిటంటే, తోట పక్కన తడిక నీడలో నిలబడి జనం ఏమంటున్నారో వినడం. నేను నిలబడితే నన్ను ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు, ఆ సంగతి ఆమెకు తెలుసు. రాసుకోవద్దంది. "రాస్తే సూస్తరు. సూస్తే అబద్ధం చెప్తరు. ముంగట నిలబడి అన్న మాట నాకొద్దు. జర అవతలికి పోయినంక అన్న మాట పట్టుకరా." అలా ఒక రోజంతా ఇతరుల మాటలు మోసుకొచ్చాను.

ఒక జంట వచ్చింది. "గిదేంది, ఇంక తయారు గాలేదా?" అని భార్య. "రేపు పెడ్తరేమో పూలు" అని భర్త. కాలేజీ పిల్లల గుంపు ఒకటి వచ్చి, "మనూరి చెలకకు టికెట్ పెట్టిండ్రురా, మా బాపుకు చెప్పాలె" అని నవ్వుకుంటూ పోయింది. కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన చాలాసేపు తల ఊపి, "అద్భుతం, చాలా లోతైన ఆలోచన" అని బిగ్గరగా అన్నాడు. అంటున్నంతసేపూ ఆయన కళ్ళు అవతల రాజేందర్ తోటలోని ఫౌంటెన్ మీదే ఉన్నాయి. అన్న తర్వాత అటే వెళ్ళి ఫోటో దిగాడు. మధ్యాహ్నం ఒక ముసలవ్వ వచ్చింది. ముక్కుకు పెద్ద పుల్ల, చేతిలో సంచి. బాట మొదట నిలబడి, "గుండ్లు దెచ్చి ఈడ ఏసిండ్రు. మనూర్ల లెవ్వా గుండ్లు" అంది. కొంచెం ముందుకు జరిగి, "గీ గడ్డిని గొర్లు గూడ ముట్టయి" అంది. తొట్టి దగ్గర కూర్చొని నీళ్ళలో చెయ్యి పెట్టి, "పాడు తోట" అని లేచి వెళ్ళింది.

సాయంత్రం నేను అన్నీ ఒప్పజెప్పాను. కళ్ళద్దాల ఆయన మాటను ఆమె చేత్తో తోసేసింది. "ఆయన ఫౌంటెన్‌కు మొక్కుకొని నాకు దండం పెట్టిండు" అంది. అవ్వ మాట చెప్పినప్పుడు మాత్రం ఆమె ముఖం వాడిపోయింది.

"గొర్లు ముట్టయన్నదా?"

"అన్నదక్కా."

"గొర్ల మనిషే అయుంటది. ఊరోళ్లు ఏమన్నా పడ్త. గామె గట్లన్నదంటే ఇంక నేనెందుకు ఏసినట్టు" అంది. ఆమె గొంతులో అంత బలహీనత నేను అంతకుముందు వినలేదు. తోట ఎవరి కోసం వేసిందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

మర్నాడు పొద్దున గేట్లు తెరవకముందే వెళ్ళాం. కంప దొడ్డికి, బాటకు ఎదురుగా, అందరికీ కనిపించే ఎత్తులో ఒక పాత చెప్పు వేలాడుతోంది. అరిగిపోయిన ఆడమనిషి చెప్పు, మడమ దగ్గర చిల్లు, నల్లదారంతో గట్టిగా కట్టి ఉంది. సులోచనక్క దారం తెంపి, చెప్పును అవతల చెత్తకుప్పలోకి విసిరి, చేతులు కడుక్కోకుండానే రాజేందర్ తోట వైపు నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. అతని మనుషులు లాన్ మీద రాలిన ఆకులు ఏరుతున్నారు. అప్పటికే ఇతర తోటలవాళ్ళు వచ్చేశారు.

"రాజేందర్, చెప్పు నీదేనా?"

"ఏం చెప్పక్కా?"

"నా తోటల కట్టించిన చెప్పు."

అతను వంగి తన కాళ్ళు చూసుకున్నాడు. "నాయి నా కాళ్లకే ఉన్నయి గదక్కా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"నవ్వుతానవా. కొట్లాడాల్నంటే ఎదురుంగ కొట్లాడు. చాటుకొచ్చి చెప్పులు కట్టుడేంది?"

"అక్కా, నీ తోటకు చెప్పు కట్టే ఫికర్ నాకెందుకు? దాన్ని సూసి జనం వాళ్లంతట వాళ్లే నా దిక్కు వస్తుండ్రు" అన్నాడు అతను. ఈసారి మరింత మంది నవ్వారు. ఆమె ఇంకా ఏవో మాటలు అంది. అతని తల్లిదండ్రుల వరకూ పోయిన మాటలు. అవి నేను రాయను. అతను నవ్వు ఆపేసి, చెయ్యి అడ్డం పెట్టి, "ఇగ చాలక్కా, పెద్దదానివని ఊకుంటున్న" అన్నాడు. అతనే కట్టించి ఉంటాడని నాకూ నమ్మకమే. అంత తడుముకోకుండా జవాబు చెప్పినవాడు ముందే సిద్ధం చేసుకొని ఉంటాడని నేను అనుకున్నాను. ఆ రోజు తోట ముందు ఆగిన ప్రతి మనిషినీ అతని మనిషేమోనని చూశాను.

మధ్యాహ్నం దాటాక నిన్నటి అవ్వ మళ్ళీ వచ్చింది. దొడ్డి వైపు చూసి, అటూ ఇటూ వెతికి, నేరుగా తడిక దగ్గరికి వచ్చి నన్నే అడిగింది. "గాడ కట్టిన చెప్పేదే?"

వెనక నుంచి సులోచనక్క వచ్చింది. "నువ్వు కట్టినవా?"

"నేనే కట్టిన. నిన్న పొద్దుగూకే యాల్ల అందరు పోయినంక కట్టిన. ఎవలు తీసిండ్రు?"

"ఎవలు కట్టుమన్నరు నీకు?"

అవ్వ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఒగలు చెప్పాల్నా? ఇంతమంది కండ్లు పడ్తుంటే అడ్డం ఏం లేకపాయె. తోట ఏసినామెకు తెలివుండొద్దా?"

సులోచనక్క "ఈడేం పని అవ్వా నీకు?" అని మెల్లగా అడిగింది. దేవరకొండ వైపు నుంచి వచ్చానని, కూతురు కాన్పయి దవాఖానలో ఉందని, అక్కడ కూర్చోబుద్ధి కాక ఇటు వస్తున్నానని అవ్వ చెప్పింది.

"ఏం పుట్టింది?"

"మొగపోరడు."

"ఎట్లున్నడు?"

అవ్వ ముఖం విప్పారింది. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఆ, ఏమున్నడు తియ్. నల్లగ, బక్కగ, కోతి పిల్ల లెక్క" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నోరంతా నవ్వే.

సులోచనక్క పక్కనున్న గుండు మీద కూలబడింది. మా వైపు పసిపిల్లను చూసి ముద్దుగా ఉందని ఎవరూ అనరు. అంటే దిష్టి. బాగా పాలిచ్చే బర్రెకు, కొత్త ఇంటికి, నిండుగా కాసిన చేనుకు పాత చెప్పు కట్టడం నేనూ చూసిందే. ప్రదర్శనలో డబ్బాలు, చీటీలు, కమిటీ ఉండేసరికి అక్కడ అందరూ మెచ్చుకుంటారని, మెచ్చుకోనివాళ్ళు శత్రువులని అనుకున్నాం.

"మా బాపు మంద ముంగట నిలబడి, ఇవి గొర్లేనా, ఎముకల మూటలు అనేటోడు" అంది సులోచనక్క, నాతో అన్నదో తనలో తాను అన్నదో. "కొన వచ్చినోడు పొగిడిండంటే అమ్మకపోయేటోడు. నాకు తెల్వనిదా ఇది?" లేచి చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళి వెతికాను. చెప్పు దొరికింది. అవ్వ ఇద్దరినీ తిడుతూ మళ్ళీ తన చేత్తోనే కట్టింది. "ముడి ఎయ్యరాదు ఒక్కదానికి" అని మమ్మల్ని ముట్టనివ్వలేదు.

అక్కడి నుంచి సులోచనక్క రాజేందర్ దగ్గరికి వెళ్ళింది. పొద్దున నవ్వినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. "పొద్దున నిన్ను అన్నది తప్పు. చెప్పు కట్టింది నువ్వు గాదు" అంది. అతను ఆమె చేతుల వైపు, నా వైపు, మా వెనక ఎవరైనా ఉన్నారేమో అటు వైపు చూశాడు. "గిదేం కొత్త డ్రామానక్కా? చీటీల కోసమా?" అన్నాడు. ఆమె వెనుదిరిగి వచ్చేసింది. అతని స్థానంలో తానుంటే అదే అడిగేది మరి.

మర్నాడు, చివరి రోజు, ఆడవాళ్ళకు టికెట్ లేకుండానే ప్రవేశం. మనుమణ్ణి చూడడానికి ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళందరినీ అవ్వ మా తోటకు తోలుకొచ్చింది. వాళ్ళు వేరే ఏ తోట దగ్గరా ఆగలేదు. గుండ్ల మీద కూర్చున్నారు, తొట్టిలో చేతులు పెట్టారు, దొడ్డి కంపను ఊపి గట్టిగా ఉందో లేదో చూశారు. ఒకామె తంగేడు కొమ్మను చెంపకు ఆనించుకొని చాలాసేపు అలాగే ఉండిపోయింది. డబ్బా దగ్గర చీటీలతో నేను కూర్చున్నాను. చదువు రానివాళ్ళు ఎవరితోనైనా రాయించుకోవచ్చని నియమం. అవ్వ మొదట వచ్చింది.

"రాయి బిడ్డా. గుండ్లు తప్ప ఏం లెవ్వని రాయి."

"అవ్వా, నీకు నచ్చింది కదా. నచ్చిందని రాస్తాను."

"ఏందే? నా కండ్ల మన్ను కొడ్తవా? మంచిగున్నదని రాసి డబ్బాల ఎయ్యి, పొద్దటికల్లా ఎండిపోతది" అంది అవ్వ. వెనకున్నవాళ్ళు అందుకున్నారు. "గడ్డి బాగలేదని రాయి." "బాట వంకర పోయిందని రాయి." "గీ తోట ఏసినామెకు చేతులే లెవ్వని రాయి నాది." అందరూ నవ్వుతున్నారు. ఒక్కొక్క తిట్టుకు ఒక్కొక్కరి ముఖం వెలుగుతోంది.

నేను లేచి సులోచనక్క దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకున్న చీటీలే లెక్కలోకి వస్తాయని ఆమెకు తెలుసు. "అక్కా, వాళ్ళకు నచ్చిందని మనకు తెలుసు కదా. ఆ మాటే రాస్తే అబద్ధం కాదు కదా" అన్నాను. నా జీవితంలో ఆమెకు ఎదురు చెప్పిన అతి పెద్ద మాట అదే.

ఆమె చెరువు ఉన్న దిక్కు చూసింది. పార్కు ఆ దిక్కునే వస్తుంది. నేను కాగితం మీద ఒక మాట మార్చితే చాలు, అడిగేవాళ్ళు లేరు. ఆమె పెదవులు కదిలి ఆగడం చూశాను.

"తెలుసా మనకు?" అంది చివరికి. "నిన్న పొద్దుగాల గూడ తెలుసనే అనుకున్నం. వాళ్ల నోట్లకెళ్లి ఏమొస్తే గదే రాయి." రెండడుగులు వేసి ఆగి, "మంచిగున్నదని రాయకు, నాకు గూడ భయమే" అంది.

నేను వెళ్ళి రాశాను. గుండ్లు తప్ప ఏమీ లేవు. గడ్డి బాగాలేదు. బాట వంకర. వేసినామెకు చేతులే లేవు. రాస్తున్నంతసేపూ వాళ్ళు వంగి, చదవలేకపోయినా, నేను మోసం చేయడం లేదు కదా అని కాగితాన్నే చూశారు. ఒకామె, "సదువు, ఏం రాసినవో సదువు" అని నిలదీసి, చదివించుకొని గాని వేయనివ్వలేదు.

సాయంత్రం మైకులో ఫలితం చెప్పారు. రాజేందర్ తోటకు పార్కు పని. కమిటీ ఆయన సరదాగా, సులోచనమ్మ గారి తోట డబ్బాలో ఉన్నన్ని చీటీలు ఏ డబ్బాలోనూ లేవని, కానీ దాదాపు అన్నీ విమర్శలేనని చెప్పి కొన్ని చదివి వినిపించాడు. జనం విరగబడి నవ్వారు. వెనక వరసలో అవ్వ, ఆమె మనుషులు మాత్రం గంభీరంగా తలలూపారు. తోటకు పడ్డ దిష్టి అంతా అందరి ముందూ దిగిపోయినట్టు. సులోచనక్క వాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. ఆమె ఓడిపోయిందని నాకు తెలుసు, మైకు ఆయనకు తెలుసు. ఆమె ముఖం చూస్తే మాత్రం ఆ సంగతి ఆమెకు ఇంకా చేరనట్టే ఉంది. ఆ చీటీలు అలా రాయించింది నిజాయితీతోనో, దిష్టి భయంతోనో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ ఉన్నాయని అనుకోవడం తేలిక. అంత తేలికైన మాటను నమ్మడం ఆమె నాకు నేర్పలేదు.

ఉగాదికి ముందు నర్సరీ ఖాళీ చేసింది. కొనవచ్చిన ప్రతివాడినీ బేరం కంటే ముందు మొక్కను ఎక్కడ పెడతావు, ఎవరు నీళ్ళు పోస్తారు అని ఆరా తీసింది. జవాబు మీద నమ్మకం కలగకపోతే అమ్మలేదు. అలా మిగిలినవాటిని ఒక లారీలో ఎక్కించి అచ్చంపేట వైపు, తన అన్న చెలకలో పెట్టుకోవడానికి బయలుదేరింది. నేను తంగేడు కుండీలు అందించాను. నాకు చాలా చెప్పాలని ఉండింది, ఎప్పటిలాగే ఏమీ చెప్పలేదు. ఆమె ముందు సీట్లో ఎక్కి, తలుపు వేసుకొని, నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"నువ్వు ఎందుకూ పనికి రావు పిల్లా" అంది. "మాట రాదు, నవ్వు రాదు. ఏడ బతుకుతవో ఏమో."

లారీ కదిలింది. ఆమె తల తిప్పి చూడలేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో తోటలు వేసే ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. చూసినవాళ్ళ అభిప్రాయాలు ఫోన్లకు వస్తాయి. నక్షత్రాలు, చప్పట్లు, అద్భుతం అన్న మాటలు. అందరూ వాటిని చదువుకుంటారు. నేను పని అయ్యాక ఆ తోట దగ్గరికి వెళ్ళి ఒక మూల నిలబడతాను, ఎవరు గొణుక్కుంటూ ఆగిపోతారా అని. నన్ను ఎవరైనా మెచ్చుకుంటే వాళ్ళ కళ్ళు ఎటున్నాయో చూస్తాను. అయితే ఆమె ఆఖరున అన్న మాటను మాత్రం ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు అంతు చిక్కదు. అది ఆ అవ్వ మనుమణ్ణి అన్నట్టు అన్నదైతే, నన్ను అంతగా మెచ్చుకున్న మనిషి ఇంకొకరు లేరు. మామూలుగా అన్నదైతే, అదీ అబద్ధమేం కాదు. ఆమె నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి అడగవచ్చు. అడిగితే మంచిదానివే అంటుందేమో, అడిగి చెప్పించుకున్న మాటను నేను నమ్మలేను.